సింగపూర్‌లో తెలుగు పాటల కచేరీ పెట్టాలంటే: హాలు బుకింగ్ నుంచి పన్ను కట్టేదాకా

సింగపూర్ వైశాల్యం దాదాపు 735 చదరపు కిలోమీటర్లు, జనాభా 60 లక్షల పైచిలుకు. అంత చిన్న దేశంలో 2024 జనవరిలో కోల్డ్‌ప్లే ఆరు రాత్రులు, మార్చిలో టేలర్ స్విఫ్ట్ ఆరు రాత్రులు నేషనల్ స్టేడియాన్ని నింపారు. ఆగ్నేయాసియా మొత్తంలో టేలర్ స్విఫ్ట్ ఆగింది అక్కడొక్కచోటే. 2025 మేలో లేడీ గాగా నాలుగు రాత్రులు పాడింది. ఎదురుగా కూర్చుని పాట వినాలన్న ఆకలి ఆ 55 వేల సీట్ల స్టేడియంతో ఆగలేదు. ఆరువందల సీట్ల హాళ్ళకూ పాకింది. తెలుగువాళ్ళూ ఇప్పుడు యూట్యూబ్‌లో విన్న గొంతును దగ్గరగా వినాలని టికెట్ కొంటున్నారు.

కాబట్టి జనం వస్తారా రారా అన్నది ఇక్కడ పెద్ద సమస్య కాదు. వచ్చినవాళ్ళకు పాట సరిగ్గా వినిపిస్తుందా, కళాకారుల కాగితాలు సక్రమంగా ఉన్నాయా, చివర్లో లెక్క తేలుతుందా అన్నవే అసలు సమస్యలు. పేరున్న గాయకుణ్ణి తెస్తే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయని చాలా సంఘాలు అనుకుంటాయి. కుదరవు. గాయకుడి పారితోషికంలో కొంత తగ్గించుకుని ఆ డబ్బు సౌండుకు, రిహార్సల్‌కు పెట్టిన కచేరీని జనం గుర్తుపెట్టుకుంటారు. ఇద్దరు ముఖ్య గాయకులు ఇండియా నుంచి వచ్చి, స్థానిక వాద్యబృందంతో ఆరువందల సీట్ల హాల్లో చేసే సినీ సంగీత విభావరిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాం.

తేదీ ముందు, హాలు తర్వాత, గాయకుడు ఆ తర్వాత

ఈ వరస తిరగబడితేనే చిక్కులు మొదలవుతాయి. గాయకుడి తేదీ ఖాయం చేసి అడ్వాన్సు ఇచ్చేశాక హాలు వెతికితే మిగిలేది ఊరికి దూరంగా ఉన్నదో, మరీ ఖరీదైనదో. మంచి హాళ్ళలో శనివారాలు చాలా ముందే నిండుతాయి. పది నెలల ముందు మొదలుపెట్టండి.

తేదీ చూసేటప్పుడు మూడు విషయాలు పట్టించుకోండి. జూన్ సెలవుల్లోనూ, నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ చివరి దాకానూ పిల్లలున్న కుటుంబాలు సగానికి సగం ఇండియా వెళ్ళిపోతాయి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఆరో తరగతి పిల్లలకు పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలు. ఆ ఇళ్ళల్లో అమ్మానాన్నలు కూడా గడప దాటరు. ఇక మెరీనా బే, పడాంగ్ చుట్టుపక్కల హాలైతే రెండు ఇబ్బందులుంటాయి: ఆగస్టు 9 జాతీయ దినోత్సవ పరేడ్‌కు ముందు శనివారాల్లో జరిగే రిహార్సళ్ళు, ఫార్ములా వన్ రాత్రి రేసు జరిగే వారం. ఆ రోజుల్లో రోడ్లు మూసేస్తారు. సౌండ్ లారీ లోపలికి రాదు, టాక్సీ బయటికి పోదు.

హాలు విషయానికొస్తే, ఎస్ప్లనేడ్‌లోని పెద్ద కాన్సర్ట్ హాల్లో సుమారు 1,600 సీట్లు. తొలి ప్రయత్నానికి అది వద్దు. విక్టోరియా థియేటర్, నేషనల్ లైబ్రరీ భవనంలోని డ్రామా సెంటర్ థియేటర్ రెండూ ఆరువందల చిల్లర సీట్లవి. ఎస్ప్లనేడ్‌లోనే 2022లో తెరిచిన సింగ్‌టెల్ వాటర్‌ఫ్రంట్ థియేటర్ ఇంచుమించు 550. మనకు కావలసిన కొలత ఇదే. వెయ్యి సీట్ల హాల్లో ఆరువందల మంది కూర్చుంటే ఖాళీగా ఉంది అంటారు. ఆరువందల హాల్లో అదే ఆరువందల మంది కూర్చుంటే టికెట్ దొరకలేదట అంటారు. వచ్చే ఏడాది కచేరీకి ఆ మాటే ప్రచారం.

కమ్యూనిటీ క్లబ్బుల బహుళార్థ హాళ్ళు చవక. కానీ గట్టి గోడలు, చదునైన నేల, ఎత్తైన కప్పు కలిసి డోలక్ దెబ్బను గుండ్రంగా తిప్పుతాయి. పాటలో మాట వినపడదు. అక్కడే చేయాల్సివస్తే డ్రమ్ సెట్టు మానేసి ఎలక్ట్రానిక్ రిథమ్ ప్యాడ్‌తో సరిపెట్టండి. రెండు పెద్ద స్పీకర్ల బదులు హాలు పొడవునా చిన్న స్పీకర్లు నాలుగైదు పెట్టి తక్కువ శబ్దంతో నడపండి. హోటల్ బాల్‌రూమ్ జోలికి వెళ్ళే ముందు కాగితాల విభాగం చదవండి.

హాలు వాళ్ళను ఫోన్‌లో ఈ ప్రశ్నలు అడగండి: అద్దెలో ఎన్ని గంటలు కలిసి ఉన్నాయి, ఆ గంటల్లో సామాను దించడం, ఎక్కించడం కలిసినట్టేనా, గంట దాటితే ఎంత, సౌండ్ ఇంజనీరు హాలు తరఫున ఉంటాడా, బయటి సౌండ్ తెచ్చుకోనిస్తారా, బయటి తిండి రానిస్తారా. చివరి ప్రశ్న తప్పనిసరి. చాలా హాళ్ళకు సొంత క్యాటరర్ ఉంటాడు. సమోసా డబ్బాలు ఆర్డర్ చేశాక తెలిస్తే కష్టం.

లెక్క ముందే కట్టాలి

ఉదాహరణగా ఒక లెక్క. హాలు, సౌండు, లైట్లు, పారితోషికాలు, విమానం, హోటల్, లైసెన్సులు, రిహార్సళ్ళు, పన్ను కలిపి ఖర్చు 28 వేల సింగపూర్ డాలర్లు అనుకుందాం. ఆరువందల సీట్లలో స్పాన్సర్లకు, కళాకారుల కుటుంబాలకు, సౌండ్ మిక్సర్ బల్లకు పోయేవి నలభై. అమ్మగలిగినవి 560. అన్నీ అమ్ముడుపోతాయని లెక్క వేయకండి. అరవై శాతం, అంటే 336 టికెట్లతోనే ఖర్చు రావాలి. 28 వేలను 336తో భాగిస్తే సగటు టికెట్ 83 డాలర్లు. నలుగురున్న ఇంటికి 330 దాటుతుంది, అది బరువే. స్పాన్సర్లు పది వేలు ఇస్తే మిగిలిన 18 వేలకు సగటు 54 డాలర్లవుతుంది. అప్పుడు వెనక వరసలకు 35, మధ్యకు 55, ముందుకు 90 అని విడగొట్టవచ్చు. ఈ లెక్క కుదరకపోతే టికెట్ ధర పెంచకండి, ఖర్చు తగ్గించండి. ఇండియా నుంచి పన్నెండుమంది బృందాన్ని తేవడం మానేసి, ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డ్ కళాకారుడు మాత్రమే వస్తే విమాన టికెట్లలోనే సగం సమస్య తీరుతుంది. సింగపూర్‌లో తబలా, వయొలిన్, ఫ్లూట్, గిటార్ బాగా వాయించేవాళ్ళు ఉన్నారు. సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ 1949 నుంచి నేర్పుతోంది. తమిళ కచేరీలకు వాయించే బృందాలకు మన పాటలు కొత్తేమీ కాదు.

టికెట్లు అమ్మేటప్పుడు ఒక్క జాగ్రత్త. మనవాళ్ళు నాలుగు, అయిదు సీట్లు కలిపి కొంటారు. ఆన్‌లైన్ సీటింగ్ మ్యాప్‌లో ఒంటి సీటు మిగలకుండా అడ్డుకునే ఏర్పాటు పెట్టండి. లేకపోతే ముప్ఫై నలభై ఒంటి సీట్లు అక్కడక్కడా మిగిలి ఎవరికీ అమ్ముడుపోవు.

కాగితాలు

కళా ప్రదర్శనలకు ఆర్ట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ లైసెన్సు ఇచ్చేది ఐఎండీఏ అనే ప్రభుత్వ మీడియా సంస్థ. పాటల జాబితా, కళాకారుల వివరాలు, హాలు, తేదీ అన్నీ దరఖాస్తులో ఇవ్వాలి. ప్రదర్శన ఏ వయసువాళ్ళకు తగినదో వాళ్ళు చూస్తారు. పాటలు తెలుగులో కాబట్టి ఒక్కో పాటకు రెండు వాక్యాల ఇంగ్లీషు సారాంశం ముందే రాసి పెట్టుకోండి. అడిగితే అప్పటికప్పుడు ఇవ్వొచ్చు. మధ్యలో హాస్య సంభాషణలు, స్కిట్లు ఉంటే వాటి స్క్రిప్టు కూడా సిద్ధంగా ఉండాలి. మతం, జాతి మీద జోకులు ఉంటే వెంటనే తీసేయండి. సింగపూర్‌లో ఆ విషయాన్ని చాలా గట్టిగా చూస్తారు. కనీసం రెండు నెలల ముందు దరఖాస్తు పెడితే ప్రశ్నలు వచ్చినా సర్దుకునే వ్యవధి ఉంటుంది.

పాటల హక్కులకు కంపాస్ (స్వరకర్తలు, గీత రచయితల హక్కుల సంఘం) లైసెన్సు వేరు. సినిమా పాట ఇండియాదైనా సింగపూర్‌లో జనం ముందు పాడితే హక్కు రుసుము ఉంటుంది. ఇది వేదిక మీద పాడటానికి మాత్రమే. ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టడం, తర్వాత వీడియో ఎక్కించడం దీని కిందికి రావు. ప్రచారానికి వీడియో కావాలంటే ముప్ఫై సెకన్ల ముక్కలు కూడా హక్కులు కనుక్కున్నాకే పెట్టండి.

కళాకారుల వర్క్ పాస్ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. జనానికి ప్రవేశం ఉన్న థియేటర్లు, కాన్సర్ట్ హాళ్ళలాంటి ప్రదర్శన వేదికల్లో పాడటానికి వచ్చే విదేశీ కళాకారులకు వర్క్ పాస్ మినహాయింపు ఉంది. ఏడాదిలో మొత్తం 90 రోజుల దాకా చెల్లుతుంది. కాకపోతే దిగాక, పని మొదలుపెట్టకముందే ఎంఓఎం (సింగపూర్ మానవ వనరుల మంత్రిత్వ శాఖ) వెబ్‌సైట్‌లో తెలియజేయాలి. హోటళ్ళు, బార్లు, నైట్‌క్లబ్బులు, రెస్టారెంట్లు, ప్రైవేట్ క్లబ్బులు ఈ మినహాయింపులోకి రావు. అందుకే హోటల్ బాల్‌రూమ్‌లో విభావరి పెట్టాలనుకునేవాళ్ళు అడ్వాన్సు కట్టకముందే ఎంఓఎం నిబంధన చదివి, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం మరిచిపోయి గాయకుడు ఎయిర్‌పోర్టులో దిగాక కచేరీ ఆపుకోవాల్సి వస్తే టికెట్ డబ్బంతా వెనక్కి ఇవ్వాలి.

భారతీయ పాస్‌పోర్టుకు వీసా కావాలి. విమానం ఎక్కడానికి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డు నింపవచ్చు. అది ఉచితం. డబ్బు అడిగే సైట్లు అసలువి కావు.

బృందంలో అందరికీ ఒక వాట్సాప్ సందేశం తెలుగులో పంపండి. ఈ-సిగరెట్లు తేవద్దు. గుట్కా, ఖైనీ, జర్దా లాంటి నమిలే పొగాకు తేవద్దు. చూయింగ్ గమ్ వద్దు. సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ మినహాయింపు లేదు, ఒక్క పెట్టె ఉన్నా ఎయిర్‌పోర్టు కస్టమ్స్ రెడ్ చానల్‌లో చెప్పాలి. దగ్గు మందులో కోడీన్ ఉంటే, నిద్రమాత్రలు ఉంటే ముందే హెచ్‌ఎస్‌ఏ (మందులను నియంత్రించే సింగపూర్ ప్రభుత్వ సంస్థ) అనుమతి తీసుకోవాలి. గాయకుల సంచిలో దగ్గు మందు ఉండటం మామూలే కాబట్టి ఈ చివరి వాక్యాన్ని ఫోన్ చేసి మరీ చెప్పండి.

వాద్యాలు, గొంతులు

హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే విమానం నాలుగున్నర గంటలు. సింగపూర్ గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి విమానం ఎక్కితే తెల్లారి దిగుతారు, నిద్ర ఉండదు. శనివారం కచేరీకి గాయకులు గురువారం దిగాలి. శుక్రవారం దిగి అదే సాయంత్రం రిహార్సల్, మర్నాడు కచేరీ అంటే పై స్థాయిలో గొంతు పలకదు.

వాద్యాల విషయంలో, వీణ తెచ్చేవాళ్ళు ఉంటే పాత వీణల మీద దంతం, దుప్పి కొమ్ము పొదుగు ఉందేమో చూడమనండి. ఇండియా నుంచి బయటికి తేవడంలోనే అడ్డు పడుతుంది. అలాంటి వీణ ఇంట్లో ఉంచి మరొకటి తేవడం మంచిది. ఖరీదైన కీబోర్డులు, సౌండ్ సామాను ఎక్కువగా తెచ్చేవాళ్ళు ఏటీఏ కార్నె (సుంకం కట్టకుండా సామాను తాత్కాలికంగా తెచ్చి తిరిగి తీసుకెళ్ళే పత్రం) తీసుకోవచ్చు, రెండు దేశాలూ దాన్ని ఒప్పుకుంటాయి. వైర్‌లెస్ మైకులు మాత్రం తేకండి. అనుమతించే ఫ్రీక్వెన్సీలు దేశానికొక రకం. స్థానికంగా అద్దెకు తీసుకోండి.

చర్మవాద్యాలకు సింగపూర్ గాలి పెద్ద పరీక్ష. బయట తేమ ఎనభై శాతం పైన, హాల్లో ఏసీ చల్లగా పొడిగా ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన తబలా వేదిక ఎక్కగానే ఒక స్థాయిలో ఉంటుంది. ఏసీలో మూత పొడారి బిగుసుకుంటూ పోయి, గంట తర్వాత శ్రుతి పైకి జరుగుతుంది. దీనికి మందు ఒక్కటే: వాద్యాలు కచేరీకి మూడు గంటల ముందే వేదిక మీదికి చేరాలి, ఏసీ కచేరీ సమయంలో ఎంత ఉంటుందో అప్పటి నుంచే అంత ఉండాలి. జనం లేనప్పుడు ఏసీ కట్టేసి ఖర్చు తగ్గించుకుందామనుకుంటే తబలా కళాకారుడు ప్రతి పాటకూ సుత్తి పట్టుకుని కూర్చుంటాడు. మృదంగానికి ఎడమ మూత మీద పెట్టే రవ్వ ముద్ద కూడా ఏసీలో త్వరగా ఎండుతుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టించండి, మూత ఉన్న గిన్నె అయితే వైర్ల మీద ఒలకదు.

పాటల పట్టిక

ఇరవై ఎనిమిది పాటలు చాలు. ఒక్కో పాట నాలుగున్నర నిమిషాలు, మధ్యలో మాటకు ఒక నిమిషం, మొత్తం 154 నిమిషాలు. ఇరవై నిమిషాల విరామం కలిపితే మూడు గంటలకు కాస్త తక్కువ. నలభై పాటలని పోస్టర్ మీద వేసి, చివరి పదింటిని పల్లవితో ముగించే పద్ధతి వినేవాళ్ళను చిన్నబుచ్చుతుంది. ఘంటసాల పాట చరణం దాకా వినాలని వచ్చిన పెద్దాయనకు పల్లవి ఒక్కటీ పాడి పంపడం న్యాయం కాదు.

పట్టికలో ప్రతి పాటకూ నాలుగు గడులు ఉండాలి: మొదటి మాట, పాడేవాళ్ళు, శ్రుతి, వేగం. శ్రుతి రికార్డులో ఉన్నది కాదు, ఆ గాయకుడు ఇప్పుడు పాడగలిగింది. బాలు పాట ఒకటిన్నరలో ఉన్నా మీ గాయకుడికి ఒకటి సుఖంగా ఉంటే ఒకటే రాయండి. ఆ పట్టిక నాలుగు వారాల ముందు వాద్యబృందానికి చేరాలి. తబలా కళాకారుడు దాన్ని చూసే ఎన్ని కుడి తబలాలు తేవాలో నిర్ణయిస్తాడు, మామూలుగా మూడుకు తగ్గవు. ఒకే శ్రుతిలోవి, దగ్గర శ్రుతుల్లోవి నాలుగైదు పాటలు పక్కపక్కన పెడితే తబలాలు మార్చే సమయం కలిసొస్తుంది. అయితే వరసగా మూడు నెమ్మది పాటలు పడకుండా చూసుకోండి.

జామింగ్ స్టూడియోలో నాలుగు గంటల చొప్పున రెండు రిహార్సళ్ళు కనీసం. మొదటిది గాయకులు లేకుండా బృందానికి, రెండోది గాయకులతో. రెండోదాంట్లో అన్ని పాటలూ పూర్తిగా పాడాల్సిన పని లేదు. ఎత్తుగడ, చరణాల మధ్య వాద్యం ముక్క, ముగింపు. తప్పులన్నీ ఈ మూడు చోట్లే జరుగుతాయి.

శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు కూడా ఇదే పట్టికలో నిమిషాలతో సహా రాయాలి. ఎనిమిదిమంది స్పాన్సర్లకు తలా మూడు నిమిషాలంటే ఇరవై నాలుగు నిమిషాలు, అయిదు పాటలు పోతాయి. అందరినీ విరామం అవగానే ఒకేసారి పిలిచి, ఎనిమిది నిమిషాల్లో ముగించండి. ఈ మాట స్పాన్సర్లకు ఒప్పందం రోజే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

సౌండు

ముందు సౌండ్ వాళ్ళకు ఒక ఇన్‌పుట్ జాబితా ఇవ్వాలి. "ఆర్కెస్ట్రా, పదిమంది" అని చెబితే ఎనిమిది మైకులు వస్తాయి. ఈ విభావరికి సరిపడేది ఇలా ఉంటుంది: గాయకులకూ కోరస్‌కూ నాలుగు మైకులు, వ్యాఖ్యాతకు ఒకటి, తబలాకు రెండు, డోలక్‌కు రెండు, ఫ్లూట్‌కు ఒకటి. మొత్తం పది మైకులు. రెండు కీబోర్డులు స్టీరియోలో నాలుగు లైన్లు, రిథమ్ ప్యాడ్ రెండు, బేస్ గిటార్ ఒకటి, గిటార్ ఒకటి, పికప్ ఉన్న వయొలిన్ ఒకటి, ల్యాప్‌టాప్ ట్రాక్ రెండు, వాద్యబృందానికి లయ అందించే క్లిక్ ఒకటి. ఇవి పన్నెండు, వీటికి పన్నెండు డీఐ బాక్సులు (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టెలు). అంతా కలిపి 22 చానళ్ళు. 24 చానళ్ళ మిక్సర్ సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ ఒక లైను పాడైతే మార్చడానికి చోటుండదు. 32 చానళ్ళ డిజిటల్ మిక్సర్ అడగండి. అదనంగా రెండు మైకులు, నాలుగు కేబుళ్ళు, రెండు డీఐలు వేదిక పక్కన పెట్టించండి. జాబితాతోపాటు ఎవరు ఎక్కడ కూర్చుంటారో గీసిన ఒక బొమ్మ పంపాలి. తబలా ఎత్తు పీట మీదా, నేల మీదా అన్నది కూడా అందులో రాయండి.

కరెంటు 230 వోల్టులే, ఇండియా సామాను పనిచేస్తుంది. కానీ ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మన గుండ్రటి పిన్నులు పట్టవు. మంచి అడాప్టర్లు డజను సిద్ధం చేసుకోండి. కీబోర్డు నుంచి "మ్..." అని సన్నని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి తీసి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసినప్పుడు వచ్చే హమ్), డీఐ మీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ వైరు మాత్రం ఎప్పుడూ పీకొద్దు. లోహపు మైకు పెదాలకు ఆనించి పాడే మనిషి ప్రాణం దానిమీద ఉంటుంది.

తబలా మైకు కుడిదానికి పది నుంచి పదిహేను సెంటీమీటర్ల ఎత్తులో, అంచు వైపు నుంచి నల్ల మచ్చ వైపు చూసేలా పెట్టాలి. నేరుగా మచ్చ పైన నిలబెడితే టంగు నాదం పోయి టక్ మన్న దెబ్బ మిగులుతుంది. ఎడమదానికి అరచేయి జారే చోటికి కాస్త దూరంగా పెట్టండి, లేకపోతే గమకం వచ్చినప్పుడల్లా హాలంతా దడదడలాడుతుంది. ఫ్లూట్ మైకు ఊదే రంధ్రానికి ఎదురుగా పెడితే గాలి బుస వినిపిస్తుంది. ఊదే రంధ్రానికీ మొదటి వేలు రంధ్రానికీ మధ్య, కాస్త పైనుంచి పెట్టండి.

ఫీడ్‌బ్యాక్ కూతకు (స్పీకరు శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్ళి వచ్చేది) కారణం ఎక్కువసార్లు మానిటర్ స్పీకరు, అంటే గాయకుడికి తన గొంతు వినిపించే స్పీకరు, ఉన్న చోటు. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు (ముందు వైపే ఎక్కువగా వినే రకం) తన వెనక భాగంలో, అంటే కేబుల్ తగిలించే వైపు, దాదాపు ఏమీ వినదు. కాబట్టి మానిటర్ గాయకుడికి సరిగ్గా ఎదురుగా, మైకు తోక వైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ మైకైతే వెనక కొంత వింటుంది, దాని చెవిటి చోటు పక్కలకు జరిగి 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. అప్పుడు మానిటర్‌ను కాస్త పక్కకు జరపాలి. ఏ మైకు వస్తుందో అడిగి తెలుసుకోవడం అందుకే. ఇంకొకటి: కొందరు కుర్ర గాయకులు స్టైలుకోసం మైకు గుండు చుట్టూ గుప్పిట మూస్తారు. వెనక నుంచి గాలి వెళ్ళే దారి మూసుకుపోయి, మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. వెంటనే కూత వస్తుంది. ఇంజనీరు ఏం చేసినా ఆగదు, చేయి కిందికి దించడమే దారి. రిహార్సల్ రోజే చెప్పండి.

సౌండ్ చెక్ సాయంత్రం ఆరున్నర కచేరీకి మధ్యాహ్నం రెండింటికి మొదలై నాలుగేముక్కాలుకు ముగియాలి. స్పీకర్లు, లైట్లు పొద్దున పదింటికే ఎక్కాలి. లైన్లన్నీ ఒకటొకటిగా తట్టి చూసుకోవడం పన్నెండు నుంచి ఒంటిగంట లోపు, కళాకారులు రాకముందే జరగాలి. చెక్ వరస: ముందు తాళవాద్యాలు, తర్వాత బేస్, కీబోర్డులు, గిటార్, ఫ్లూట్, వయొలిన్, చివర గొంతులు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఆ తర్వాత మూడు పాటలు పూర్తిగా: అన్నిటికన్నా వేగమైనది, అన్నిటికన్నా నెమ్మదైనది, ఒక యుగళగీతం. ఈ మూడూ కుదిరితే మిగతావి కుదురుతాయి. చెక్ జరిగేటప్పుడు కమిటీలో ఒకరు హాలు చివరి వరసలో, బాల్కనీ కింద కూర్చుని వినాలి. అక్కడ అదనపు స్పీకర్లు ఉంటే వాటికి ఆలస్యం పెట్టారా అని అడగండి. ముందు స్పీకర్లకు 17 మీటర్ల వెనక ఉంటే సుమారు 50 మిల్లీసెకన్లు ఆలస్యం కావాలి. పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపించి సాహిత్యం ముద్దయిపోతుంది.

శబ్దం ఎంత? హాలు మధ్యలో 90 డెసిబెళ్ళ చుట్టూ చాలు, ఊపు పాటకు 95. ఒళ్ళో పిల్లలు, పక్కన అమ్మమ్మలు ఉండే సభ మనది. శబ్దం పెంచమని అడిగేవాళ్ళకు నిజానికి కావలసింది గొంతు స్పష్టత. కీబోర్డులు, ప్యాడ్ కాస్త తగ్గిస్తే గొంతు దానంతటదే ముందుకొస్తుంది. తెలుగు పాటకు సాహిత్యమే ప్రాణం. వేటూరి రాసిన మాట వినపడకపోతే ఎన్ని వాట్ల స్పీకర్లు పెట్టినా వృథా. సౌండ్ ఇంజనీరు తెలుగువాడు కాకపోవచ్చు. పక్కన పాటలు తెలిసిన ఒకరిని కూర్చోబెట్టండి, "ఇప్పుడు ఫ్లూట్ ముక్క, ఇప్పుడు కోరస్" అని ముందే చెప్పడానికి. ఈ ఒక్క ఏర్పాటుతో ఫ్లూట్ ముక్క సగంలో మైకు తెరుచుకోవడం ఆగిపోతుంది.

గేటు దగ్గర

ఒక టికెట్ స్కాన్‌కు అయిదు సెకన్లు అనుకుంటే ఆరువందల మందికి ఒక్క ఫోనుతో యాభై నిమిషాలు పడుతుంది. నాలుగు ఫోన్లతో పన్నెండున్నర నిమిషాలు. తలుపులు అయిదేముక్కాలుకు తెరవండి. టికెట్ దొరకనివాళ్ళకు, పేరు తప్పు పడినవాళ్ళకు పక్కన వేరే బల్ల ఉండాలి. ఆ గొడవ వరసలో తేలేది కాదు. చంటిపిల్లల బళ్ళు నడవాల్లో పెట్టనివ్వరు, బయట ఉంచే చోటు ముందే చూసుకోండి.

చెప్పిన సమయానికి మొదలుపెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్ళను పాట అయ్యాకే లోపలికి పంపండి. మొదటి కచేరీలో కొందరు కోప్పడతారు, రెండోదానికి వేళకు వస్తారు. రాత్రి పదిలోపు ముగిస్తే ఎంఆర్‌టీ రైలు దొరుకుతుంది, హాలు అదనపు గంట పడదు. వేదిక ఖాళీ చేయడానికి గంటన్నర పడుతుంది, దానికి ఆరుగురు వాలంటీర్ల పేర్లు ముందే రాసి ఉంచండి. కచేరీ అయ్యాక అందరూ గాయకులతో ఫోటోల దగ్గర ఉంటారు, కేబుల్ చుట్టేవాళ్ళు దొరకరు.

మర్నాటి నుంచి

పాడిన పాటల అసలు జాబితా, చివరి నిమిషంలో మారినవాటితో సహా, ఆ రాత్రే రాసుకోండి. హక్కుల లెక్కకు అదే ఆధారం.

చివరిది పన్ను. సింగపూర్ నివాసి కాని కళాకారుడికి ఇచ్చే పారితోషికం మీద 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఏఎస్‌కు (సింగపూర్ పన్నుల సంస్థ) కట్టాల్సిన బాధ్యత నిర్వాహకులది. గాయకుడు "నాకు చేతికి అయిదు వేలు రావాలి" అంటే మీకయ్యే ఖర్చు అయిదు వేలు కాదు. 5,000ను 0.85తో భాగించాలి, 5,882 డాలర్లు. అందులో 882 పన్ను. ఒప్పందం రోజే "పన్ను ముందా, పన్ను పోనా" అని రాసుకోకపోతే ఆ 882 సంఘం జేబులోంచి పోతుంది. కట్టాల్సిన గడువు, డబ్బు చెల్లించిన నెల నుంచి లెక్కపెడితే రెండో నెల 15వ తేదీ. జూన్ 20న చెల్లిస్తే ఆగస్టు 15 లోపు. కోశాధికారి ఫోన్‌లో ఆ తేదీకి అలారం పెట్టించి, రసీదు వచ్చాకే లెక్కల పుస్తకం మూయండి.